బాట మీది రాళ్లు తీసింది నేనే

నా పేరు సుస్మిత, తండ్రి పేరు వెంకటనర్సయ్య, వయసు ఇరవై మూడు. మచ్చ బొల్లారంలో ఉంటాను. రక్తపరీక్షల ల్యాబ్‌లో రిపోర్టులు టైపు చేస్తాను. 2026 మే 11న శామీర్‌పేట ఎస్సై గారి ముందుకు, ఎవరూ పిలవకుండానే వచ్చి చెబుతున్నాను. స్కౌట్ శిబిరంలో పిల్లలు తప్పిపోయారని, ఆడపిల్లల జట్టును నడిపే గైడ్ కెప్టెన్ జానకీదేవి టీచర్‌పై ఫిర్యాదు వచ్చింది. ఆమెను అప్పుడే శిబిరం నుంచి పంపేశారు. గురువారం ఆమె బడిలో విచారణ. ఆలోపు నేను చెప్పకపోతే ఆమె ఉద్యోగం పోతుంది. తప్పు నాది.

నిన్న ఆదివారం అమ్మ కమలాబాయి, నేను కలిసి మా చెల్లెలు రోజారాణిని చూడడానికి శామీర్‌పేట దాటి ఆ స్కౌట్ శిబిరానికి వెళ్లాము. చెల్లెలికి పన్నెండేళ్లు. మధ్యాహ్నం మూడున్నరకు, బాట రెండుగా చీలే చోట ఏడు రాళ్లు బాణంలా పేర్చి ఉన్నాయి. పక్కన గడ్డి ముడివేసి ఉంది.

"దాటకు బిడ్డా. ఎవరో మంత్రించి పెట్టిండ్రు. పిల్లలు తిరిగే జాగ," అంది అమ్మ.

మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేనే. డిగ్రీ చదివాను. అయినా భయపడి ఆ రాళ్లను కర్రతో పొదల్లోకి నెట్టాను. గడ్డి ముడి విప్పేశాను. కర్ర పట్టింది నేనే, అమ్మ కాదు.

అవి పిల్లలకు దారి చూపడానికి టీచర్ పెట్టిన గుర్తులని తరువాత తెలిసింది. నాలుగింటికి చెల్లెలి జట్టు, ఆరుగురు ఆడపిల్లలు, గుర్తులు వెతుకుతూ బయలుదేరింది. నాలుగున్నరకు రావలసినవాళ్లు ఐదైనా రాలేదు. అందరం వెతికాము. ఐదూ ఇరవైకి పాత క్వారీ వైపు సీటీ ఊదిన చప్పుడు వినిపించింది. మూడుసార్లు. ఆగి, మళ్లీ మూడుసార్లు.

నేను ఏడుస్తూ పరుగెత్తాను. ఆరుగురూ నీడలో గుండ్రంగా కూర్చున్నారు. ఎవరూ ఏడవడం లేదు. దూరానికి కనబడేలా మెడ రుమాళ్లు కొమ్మకు కట్టారు. శ్రీదివ్య అనే అమ్మాయి కాలికి రెండు పుల్లలు ఆనించి రుమాలుతో చుట్టారు. ఉన్న ఒక్క సీసా నీళ్లు మూతతో కొలిచి తాగుతున్నారు.

"అక్కా, జర నెమ్మదిగ ఏడ్వు. లెక్క తప్పుతాంది," అంది చెల్లెలు. "సీటీకి సీటీకి నడుమ అరవై లెక్కవెట్టాలె."

"మీ అక్కకి కూడా ఓ మూతెడు నీళ్లివ్వవే," అంది శ్రీదివ్య.

చీలిక దగ్గర రాళ్లు లేక క్వారీ దారి పట్టారట. గుర్తు కనబడకపోతే వెనక్కి తిరగాలని టీచర్ నేర్పారట. తిరిగి వస్తుంటే శ్రీదివ్య కాలు మడతపడిందట. దెబ్బ తగిలినవాళ్లను వదిలి పోకూడదని టీచర్ నేర్పారట. సీటీ టీచర్ నేర్పారట. కట్టు టీచర్ నేర్పారట. నేను అంత పెద్దదాన్ని, ఆ పిల్లలు ఇచ్చిన మూతెడు నీళ్లు తాగాను.

ఫిర్యాదు చేసింది శ్రీదివ్య తండ్రి వీరభద్రం గారు. ఆయన కోపం న్యాయమే. అది నా మీద ఉండాలి.

ఇంటికి వచ్చాక అమ్మ, "మనమే తీసినమని ఎవరికెరుక?" అంది. నాకు తెలుసు.

దీని నకలు విచారణ చేసేవారికి పంపారో లేదో మే 13, బుధవారం సాయంత్రం ఐదింటిలోపు నాకు రాతపూర్వకంగా తెలపండి. జవాబు రాకపోతే గురువారం నేనే అక్కడికి వెళ్లి చెబుతాను.

నేను చెప్పగా ఇక్కడ రాసినదాన్ని నేనే తీసుకుని రెండుసార్లు చదివాను. ఇందులో జరగనిది లేదు, జరిగినదాంట్లో నేను దాచింది లేదు.

(సంతకం) సుస్మిత