వెనక నుంచి పిలుపు

ఫోనులో తల్లీకూతుళ్లు. దాలమ్మ భావనపాడు రేవులో చేపలమ్ముతుంది. విజయనగరంలో కాలేజీ ముగించి, కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్బులో గోల్‌కీపరుగా చేరిన యమునకు ఇవాళ తొలి మ్యాచ్.

“తిన్నావా?”

“తిన్నానమ్మా.”

“ఏటి తిన్నావు?”

“తిన్నానన్నాను కదా.”

“ఏటి తిన్నావో సెప్పలేవేటే?”

“అరిటిపండు. ఇక్కడ సేపలకూర ఆవనూనెతో వండుతారు. నాకు దిగట్లేదు.”

“రూములో పిల్లలున్నారన్నావు?”

“ముగ్గురు. బెంగాలీలో నవ్వుకుంటుంటారు. నానెల్తే ఆపీసి హిందీలో మాటాడతారు. మంచోలే పాపం. కానీ ఒక్కదాన్నే ఉన్నట్టుంటాదమ్మా.”

“అలవాటైపోతాదిలే. ఆట బాగా ఆడు.”

“ఆట కాదమ్మా. ప్రాక్టీసులో నోరెత్తనేదు, ఇయాల కూడా అరవకపోతే రేపట్నుంచి వేరే పిల్లని నిలబెడతారట. కోచ్ మేడమ్ సెప్పీసింది.”

“అరవడమేటే?”

“గోల్‌కీపర్ పనే అది. అందరికంటే ఎనకుంటాం, అంతా మనకే కనపడతాది. ముందున్నోలకి కేకేసి సెప్పాల. ఏ బాసలో అరిసినా పర్లేదు, పేరెట్టి పిలిస్తే సాలంది.”

“ఇజీనారమంతా ఇనపడీలాగ అరిసీదానివి కదే!”

“అక్కడ కాలేజీ టీములో నా ముందు నా నేస్తం ఉషుండీది. ఇక్కడెవలున్నారు? నోరు తెరిస్తే గొంతు రావట్లేదు. గ్లౌజులు కూడా ఎవలివో. పెద్దవి, జారిపోతన్నాయి... అమ్మా? ఉన్నావా?”

“ఉన్నాను. నీ గ్లౌజులు నాకాడున్నాయి.”

“నీకాడా? రైల్లో పోనాయనుకున్నాను!”

“కోటబొమ్మాళి స్టేషన్లో బల్ల మీద మర్సిపోనావు. నువ్వు రైలు కాడికి నడుస్తంటే సూసినాను. అట్టుకొని పరిగెత్తినాను. అందనేదు.”

“ఒక్క కేకేస్తే ఆగిపోదును కదా! రేవంతా ఇనపడతాది నీ గొంతు.”

“బయిల్దేరినోల్ని ఎనక నుంచి పిలవకూడదే.”

“నాను పిలుస్తావనే సూసేనమ్మా. ఒక్కసారి, పేరెట్టి. పిలవనేదు. ఎలిపోతన్నానని కోపమనుకున్నాను. నెల్లాళ్ల నుంచి అదే అనుకుంటన్నాను.”

“కోపమేటే? బయం.”

“దేనికి?”

“ఇప్పుడొద్దులే.”

“సెప్పమ్మా.”

“నీకు మూడేళ్లు. మీ అయ్య సముద్రంలోకి వేటకెల్తా కేరేజీ మర్సిపోనాడు. ‘ఓలయ్యా’ అని కేకేసినాను. నవ్వుతా ఎనక్కొచ్చి అట్టుకెల్లాడు. సాయంత్రం తెప్పొచ్చింది. మీ అయ్య రానేదు.”

“నాకెప్పుడూ సెప్పనేదు.”

“ఎవలికీ సెప్పనేదు. ఆ దినం నుంచి బయిల్దేరినోల్ని ఎవల్నీ పిలవనేదు. నిన్ను బడికంపినప్పుడు కూడా పిలవనేదు.”

“గాలికి పోనాడమ్మా. నీ కేకకి కాదు.”

“ఏమో.”

“కాదమ్మా.”

“ఏమోనే. పదిహేడేళ్లైనాది, నాకు తెల్దు.”

“అమ్మా... రమ్మంటన్నారు. ఎల్లాల.”

“నడుస్తన్నావా?”

“ఆఁ. మెట్లు దిగితే గ్రౌండే.”

“ఫోను సెవి కాడే ఉంచు.”

“ఉంచేను. ఎందుకూ?”

“యమునా! ఓలె యమునా!”

“అమ్మా! ఏటిది, ఇప్పుడు...”

“ఆగకే. నాను పిలుస్తానే ఉంటాను. నువ్వెల్లు.”