ఆలస్యం డిస్కులది కాదు

సభకు అధ్యక్షత వహిస్తున్న డైరెక్టరు హర్జోనో గారికి, మన సురబయ ఆఫీసు పెద్దలకు, విందుకోసం గోపురంలా పేర్చిన ఆ పసుపన్నం మీంచి చూపు తిప్పుకోలేకపోతున్న మిత్రులకు నమస్కారం. (నవ్వులు) ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న మనందరం అమ్మలా ‘ఇబు’ అని పిలుచుకునే వినార్సిహ్ గారి గురించి మాట్లాడమని, డేటాబేసు రాసేవాళ్ళు ఇంతమంది ఉండగా, ఆ డేటా దాచే డిస్కులు చూసుకునే ఈ దర్మాజిని పిలిచారు. ఎందుకంటే ఆవిడ వల్ల ఉద్యోగం నిలబడ్డవాణ్ణి నేను.

మనది ఓడ టిక్కెట్ల డేటాబేసు. నంబరు ఇస్తే దాని తాలూకు వివరం తెచ్చిస్తుంది. కొన్నేళ్ళ కిందట ఓసారి పండగ సెలవుల ముందు ఉన్నట్టుండి కొన్ని టిక్కెట్లు ఎంతకీ తెరుచుకునేవి కావు. రేవులో జనం గుమాస్తాలను తిట్టేవారు, గుమాస్తాలు మనల్ని తిట్టేవారు, డేటాబేసు రాసే మన బాగుస్ మాత్రం "డిస్కులు ముసలివైపోయాయి, వాటి కాపలాదార్లు కూడా" అనేవాడు. నవ్వకు బాగుస్, అన్నావు. మా వాళ్ళందర్నీ పంపించేసి ఆ పని బయటికి ఇచ్చేద్దామని డైరెక్టరుగారు దాదాపు నిర్ణయించేశారు.

అప్పుడు డేటాబేసు జట్టులోనే ఉన్న ఇబు, "ఒక్కొక్క రిక్వెస్టుకీ సమయం ఎక్కడ పోతోందో లెక్కపెడితే తేలిపోతుంది కదా సార్" అన్నారు. మొదట అన్నిటికీ కలిపి ఒకే లెక్క పెట్టారు. ప్రోగ్రాములో తలా ఒక రిక్వెస్టు అందుకుని ఒకేసారి పనిచేసే వందల థ్రెడ్లు ఆ ఒక్క అంకెను మార్చడానికి వరస కట్టడంతో ఉన్న వేగం కూడా పోయింది. "కొలతే రోగమయ్యేట్టుందమ్మా, ఆపెయ్యండి" అన్నారు డైరెక్టరుగారు. ఆవిడ ఆపలేదు. ఏ థ్రెడ్ లెక్క ఆ థ్రెడ్ దగ్గరే ఉండేట్టు తిరగరాశారు. ఇక ఒకదానికొకటి అడ్డురాలేదు, వేగమూ తగ్గలేదు.

లెక్కలు తెరమీదికొచ్చాయి. నెమ్మదించిన రిక్వెస్టుల్లో డిస్కు దగ్గర పోయిన సమయం ఏమీ లేదు. రద్దయిన టిక్కెట్లు పోయినా వాటి చోట పెట్టిన ‘చెరిపేశాం’ అనే గుర్తులు అలాగే మిగిలిపోయి, వెతికే థ్రెడ్ వాటినన్నిటినీ దాటుకుంటూ పోతోంది. ఆ గుర్తులను తర్వాత తీరిగ్గా ఊడ్చుకోవచ్చని ఏర్పాటు చేసిందెవరు? ఈ ఇబుగారే. ఆవిడ తడబడలేదు. "ఆ ఆలస్యం నాది. దర్మాజి వాళ్ళ డిస్కులది కాదు" అని అందరిముందూ చెప్పి, హాయిగా నవ్వారు. తన తప్పు తనే పట్టుకున్నందుకు అంత సంబరపడ్డ మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు. ఊడ్చే పద్ధతి మార్చారు, పండగ రద్దీ అంతా ఒక్క తిట్టు లేకుండా గడిచిపోయింది.

ఇబూ, మీరు గెలిచారు, మమ్మల్నీ గెలిపించారు. ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. ఒక్క పని చేసి దిగిపోతాను. ఆనాడు పంపించేద్దామనుకున్న మా డిస్కుల వాళ్ళంతా ఇవాళ వెనక వరసల్లోనే ఉన్నారు. ఒక్కసారి లేచి నిలబడండయ్యా, ఇబు చూస్తారు. సెలవు.