ఫ్రేము కిందకి పోయేది

ఫ్రేముల కొట్టులో, మధ్యాహ్నం పూట. కొట్టు నడిపే ఆవిడ, ఏళ్ళ తరబడి తన బొమ్మలన్నిటికీ ఆవిడ చేతే ఫ్రేములు కట్టించుకుంటున్న డ్రాయింగు మాస్టారు.

"అయితే మీ బొమ్మల్లో మేక మూగజీవుల వేదన కాదంటారు?"

"కాదండీ బాబూ. మేక మా అన్నయ్య."

"అయ్యో! పేపర్లో మీ బొమ్మల గురించి రాసినాయన అంత బాగా రాశాడే, పాపం."

"నేను గీసిన మొట్టమొదటి బొమ్మని మా అన్నయ్య నమిలి మింగేశాడు. నాకు కోపం వచ్చి మేకని గీశాను. అప్పట్నించీ ఎక్కడ కాస్త ఖాళీ దొరికినా అక్కడ కట్టేస్తున్నాను."

"ఆయనకి తెలుసా?"

"తెలుసు. గడ్డం బాగా కుదిరిందన్నాడు."

"గొడుగో? గొడుగంటే ఏకాంతమట."

"నాకు చేతివేళ్ళు గీయడం సరిగ్గా రాదు. గొడుగు చాటున దాచేస్తాను."

"హవ్వ! బళ్ళో పిల్లలకి అన్నేళ్ళు డ్రాయింగు చెప్పి..."

"గట్టిగా అనకండి, పిల్లలకి తెలిస్తే పరువు పోతుంది. ప్రదర్శన పెట్టేవాళ్ళేమో వేటికి ఏ అర్థమో చెప్పమని ఒకటే వెంటబడుతున్నారు."

"నిచ్చెన సంగతి చెప్పండి. ఆశకి గుర్తా?"

"మా నాన్న గోడలకి సున్నం వేసేవాడు. కింద నిలబడి నిచ్చెన పట్టుకోవడం నా పని. పైకి చూస్తే అరికాళ్ళే కనపడేవి. ఇప్పటికీ నాన్నంటే ముందు ఆ కాళ్ళే గుర్తొస్తాయి."

"అందుకా, మీ నిచ్చెన మీద ఎప్పుడూ మనిషుండడు?"

"గీద్దామనే కూర్చుంటాను. చెయ్యి రాదు."

"సర్లెండి, కళ్ళు తుడుచుకోండి. బొమ్మ మీద పడితే రంగు కారుతుంది, మళ్ళీ నన్నంటారు."

"మిమ్మల్ని అనే ధైర్యం నాకెక్కడిది, ఓనరు గారూ?"

"అదీ నిజమే. ఆ టేపు ఇలా ఇవ్వండి. నా చేతి మీదుగా ఇదే ఆఖరి ఫ్రేము. శనివారం కొట్టు మూసేసి ఆదివారం బండెక్కుతున్నా."

"సోమవారం ప్రదర్శనకి ఉండరన్నమాట."

"మా అక్క పోరు పడలేకపోతున్నాను. ఒక్కదానివీ అక్కడ ఎవరికోసం వేలాడతావు, వచ్చి నా దగ్గరుండు అంటుంది. ఎవరికోసమో నేనూ చెప్పలేకపోయాను."

"చెప్పాల్సింది."

"ఏమని?"

"ఏమనా... ఫ్రేములకోసమని."

"ఫ్రేములదేముంది, వెనక వీధిలో ఇంకో కుర్రాడు కడతాడు. వాడికి అప్పజెప్పాను కూడా. మాస్టారి బొమ్మలు జాగ్రత్త, అంచుల దగ్గర గోల ఉంటుందని."

"అంచుల దగ్గరేం గోల?"

"ఏం గోలా? ఫ్రేము వేస్తే చుట్టూ వేలెడు మేర లోపలికి పోతుందని ఎన్నిసార్లు చెప్పాను! అయినా ప్రతి బొమ్మకీ కింద మూలన, సరిగ్గా ఆ వేలెడు జాగాలోనే, ఓ పెన్సిలు. ఎంత శ్రద్ధగా గీస్తారో! నేనేమో దాని మీద చెక్క పెట్టి మేకులు కొడతాను. ఎంత చెప్పినా మీ బుర్రకెక్కదని ఇంక చెప్పడం మానేశాను."

"ఎక్కింది."

"ఎప్పుడూ?"

"మొదటిసారి చెప్పినప్పుడే."

"మరి?"

"మరేముంది, ఆ జాగా ఎవరికీ కనపడదు కదా."

"కనపడనిదానికి అంత పనితనం దేనికి మాస్టారూ?"

"ఎవరికీ అంటే... ఫ్రేము వెయ్యకముందు చూసేవాళ్ళకి కనపడుతుంది."

"ఫ్రేము వెయ్యకముందు చూసేది నేనొక్కదాన్నేగా."

"అవును."

"ఆగండాగండి. ఈ పెన్సిలు చివర పంటిగాట్లేమిటి?"

"కొలతలు తీసేటప్పుడు ఎవరో కొరుకుతుంటారు."

"నేనా! నేనెప్పుడు కొరి..."

"నోట్లోది తీసి మాట్లాడండి, సరిగ్గా వినపడట్లేదు."

"ఛీ! ఇన్నేళ్ళుగా... ఒక్క మాట చెప్పొచ్చు కదండీ!"

"చెప్తే నవ్వుతారని భయం. నవ్వేసి, ఇంకో కొట్టు చూసుకోమంటారని ఇంకా భయం."

"అన్నిటినీ నా చేత్తో నేనే కప్పేశాను. పిచ్చిదాన్ని. మేకులు కొట్టి మరీ కప్పాను."

"బాధపడకండి. దీన్నీ కప్పేస్తే అయిపోతుంది. మీరు వెళ్ళాక ఇంక పెన్సిలు గీయను. గీస్తే మాత్రం ఎవరు చూస్తారు?"

"కప్పను."

"అంటే?"

"దీనికి ఫ్రేము కట్టను. అంచులతో సహా ఇలాగే తగిలిద్దాం. ఊరంతా చూడనీ."

"చూసి ఊరుకుంటారా? పెన్సిలు దేనికి గుర్తని అడుగుతారు. సోమవారం అంతమంది ముందు నాకు నోరు పెగలదు, ఓనరు గారూ."

"మీరేం చెప్పక్కర్లేదు. పక్కనే నేనుంటాగా, నన్నడగమనండి."