గుడ్డ గోడల ఇల్లు

ఎవరితోనే ఫోన్లో, అంతా సెట్ అయిపోయింది అంటున్నావు? మీకిప్పుడు పెళ్ళీ సెట్టే, ఉద్యోగమూ సెట్టే. మా ఇంట్లో ఆ మాట వినబడితే ఎవరి సెట్టు అని అడగాల్సొచ్చేది. మా నాన్న రేడియోలు బాగుచేసేవాడు, ఆయనకి సెట్టంటే రేడియో. అన్నయ్య తాపీమేస్త్రీ, స్లాబు పోసొచ్చి, సెట్ అయ్యేదాకా ఎవడైనా ఎక్కాడో కాళ్ళు విరగ్గొడతానని గద్దించేవాడు. నేను పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసేదాన్ని కదా, నాకు గ్లాసు నీళ్ళలో పడుకున్న కట్టుడు పళ్ళు. ఇక మా బావ, అదే, అక్క మొగుడు, నాటకాల కంపెనీకి సెట్లు వేసేవాడు. భోజనాల దగ్గర అక్క, మీ సెట్లన్నీ గుమ్మం బయట పెట్టి రండి అనేది.

బావ పని చూడాలే నువ్వు. చెక్క చట్రం, దాని మీద గుడ్డ, గుడ్డ మీద రంగు. సాయంత్రానికి మేడ, తెల్లారేసరికి లారీలో కట్టలు. పాపం అక్కకేమో సొంతిల్లు పిచ్చి. అద్దె గదులు మారలేక, రాజులందరికీ మేడలు కడతావు, నాకో వంటగది కట్టలేవా అని దెప్పేది. బావ నవ్వేసి ఊరుకునేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

తర్వాత, ఏం చెప్తున్నానూ, ఆఁ, అక్కకి జబ్బు చేసింది. ఎన్నాళ్ళో ఉండదన్నారు. అప్పుడు బావ కంపెనీ షెడ్డులో ఇల్లు కట్టాడు. రెండు గదులు, వంటగది, కిటికీ. మేకులు నేనే అందించాను. అన్నయ్య వచ్చి గోడని వేలితో నొక్కి చూశాడు. ఏదో ఒకటి అంటాడనుకున్నా. చెప్పులు బయట విప్పి లోపలికొచ్చాడు. అక్కని అక్కడే పడుకోబెట్టాం. బావ కిటికీ వెనక దీపం పట్టుకుని మెల్లగా కిందికి దించేవాడు, పొద్దు వాలుతున్నట్టు గది నిండా పచ్చటి వెలుగు జరిగేది. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే నేను ఆ గదిలోనే ఉంటాను. ఓసారి అక్క గోడ నిమురుతూ అడిగింది.

"దీన్ని కూడా తెల్లారి విప్పేస్తావా?"

"విప్పను," అన్నాడు బావ.

ఆ ఇంట్లోనే పోయింది అక్క. కొన్నాళ్ళకి కంపెనీవాళ్ళు షెడ్డు ఖాళీ చెయ్యమన్నారు. బావ పట్టకారు తీసుకుని లోపలికెళ్ళాడు, ఎంతకీ చప్పుడు లేదు. వెళ్ళి చూస్తే గది మధ్యలో నిలబడి ఉన్నాడు.

"మరదలా, మొదటి మేకు ఎక్కడ కొట్టానో గుర్తు రావట్లేదు. అది పీకితేగానీ మిగతావి ఊడవు. నీకేమైనా గుర్తుందా?"

తలుపు పైన, ఎడం పక్క. నా చేత్తోనే కదా అందించాను. గుర్తులేదు బావా అన్నాను.

ఆ దుప్పటి ఇలా లాగవే, కాళ్ళు చల్లబడుతున్నాయి.