పరమేశ్ బొంబాయిలో వైర్లు మార్చిన సంగతి

షామీర్‌పేట బస్టాపు ఎదురుగా పరమేశ్‌కు మోటర్ వైండింగ్ దుకాణం ఉండేది. కరెంటు ఉన్నంతసేపు మోటర్లకు రాగితీగ చుట్టేవాడు. కరెంటు పోగానే పక్కనున్న వజ్రమ్మ చాయ్ హోటల్లో బల్ల మీద కూర్చుని మాటలు చుట్టేవాడు. ఏ మోటరుకు ఎన్ని చుట్లో తీగకైతే ఒక లెక్కుంది, మాటలకు ఆ లెక్క లేదు.

అది రెండువేల ఏడో సంవత్సరం, చలి అప్పుడప్పుడే మొదలైంది. ఆ ఏడు ఊళ్లో ఎవరి నోట విన్నా షేర్ల మాటే. మంగలి కత్తెరాడిస్తూ షేర్ల మాట చెప్పేవాడు, కండక్టర్ చిల్లర ఇస్తూ చెప్పేవాడు. అట్లాంటి ఒక పొద్దున, పదకొండు కాకముందే కరెంటు పోయి, పరమేశ్ చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చునేసరికి, లాల్‌గడి మలక్‌పేట్ ఊరి సిద్దయ్య అతని కోసమే ఎదురుచూస్తున్నాడు.

సిద్దయ్య ఆ మధ్య అరెకరం భూమి ప్లాట్లు చేసే వెంచరోళ్లకు అమ్మాడు. కూతురు భవిత కండ్లకోయలో ఇంజినీరింగు మొదటేడు చదువుతోంది. మిగిలిన మూడేళ్ల ఫీజు ఆ పైసల్లోనే ఉంది. మేడ్చల్‌లో సిరిధార సెక్యూరిటీస్ అనే షేర్ల కంపెనీ ఉంది, దాని ఏజెంటు నగేష్ వారం రోజులుగా సిద్దయ్య చుట్టూ తిరిగి, పెళ్లి ఆల్బమంత లావు ఫారం ఇచ్చి, సంతకాలు పెట్టాల్సిన చోటల్లా పెన్సిల్‌తో గుర్తులు పెట్టిపోయాడు. పన్నెండింటికి వచ్చి ఫారమూ చెక్కూ తీసుకుపోతానన్నాడు.

"పరమేశూ, నువ్వు గా సిరిధార ఆఫీసుకు వోయినవంట గద," అన్నాడు సిద్దయ్య. "ఎట్లుంది కంపెనీ? మనసొంటోళ్లకు పనికొస్తదా?"

ఉన్నదున్నట్టు చెబితే రెండు మాటల్లో అయిపోయేది. కానీ ఎవరైనా తనను సలహా అడిగారంటే పరమేశ్‌కు నేల మీద కాళ్లు ఆనేవి కావు.

"పోయినవా అని అడుగుతవేందే సిద్దన్నా! పరీక్ష జేద్దమని వోయిన. మనోళ్లు ఎద్దును కొనాల్నంటె పండ్లు జూస్తరు, తోక గుంజి జూస్తరు, నాలుగడుగులు నడిపిచ్చి జూస్తరు. గీ కంపెనీలకైతె ఊకె సంతకం గీకుతున్నరు. నేను పండ్లు జూద్దమని వోయిన."

బల్లకు ఆ చివర జానకిరామయ్య పేపరు దించాడు. భీమవరం వైపు పోస్టుమాస్టరుగా పనిచేసి రిటైరై, దేవరయాంజాల్ దగ్గర కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్న మనిషి. "బాగుందండీ. మరి ఏం అడిగారేంటి?" అన్నాడు.

"మూడే సవాల్లు అడిగిన సారూ. నేను నూరు రూపాలయి కొంటె మీ కమీషన్ కోతెంత, అమ్మితె ఎంత? ఒకటి. ఫోన్ జేస్తె ఎత్తేది మనిషా, పాటనా? రెండు. నా పైసలు నాకు గావాల్నంటె ఎన్నొద్దులకు చేతికొస్తయి? మూడు. గంతే! మేనేజర్ కుర్చీలకెల్లి లేసి నిలవడ్డడు. 'సార్, నా సర్వీసుల గిసొంటి సవాల్లు ఎవ్వలడగలే' అన్నడు. ఏసీ గదిల కుర్చేసిండు. బిస్కట్లు తెప్పిచ్చిండు, జీడిపప్పుయి."

"జీడిపప్పుయే?" అంది వజ్రమ్మ పాలు కలియబెడుతూ.

"మరేందనుకున్నవ్ వజ్రక్కా. ఇగ సూడుండ్రి, కంపెనీలు రెండు తీర్లుంటయి. ఒకటేమో ఊకె కొనిస్తది, అమ్మిస్తది. కూరగాయల బండి తీరు, పుచ్చేదో మంచిదేదో నువ్వే ఏరుకోవాలె. ఇంకోటి గీ సిరిధార అసొంటిది. పెండ్లి కాంట్రాక్టు ఒక్కనికే ఇచ్చినట్టు. పందిరి వానిదే, వంట వానిదే, బాజాలు వానియే. ఏ షేరు కొనాల్నో ఆళ్లే చెప్తరు, పొద్దుగాల్నే ఫోన్ జేసి లేపుతరు, కంప్యూటర్ ఉంటె ఇంట్ల కూసోని కొనుక్కోవచ్చు, లేకుంటె ఫోన్ల చెప్పొచ్చు. గందుకే కోత గూడ గట్టిగుంటది. నూటికి అర్ధ రూపాయి. కొంటె అర్ధ, అమ్మితె అర్ధ."

ఇక్కడ ఆపి ఉంటే అందరూ మెచ్చుకుని ఇంటికి పోయేవారు. పరమేశ్ చాయ్ ఒక గుక్క తాగి మోకాలు మీద చరిచాడు.

"ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? మాటలతోని నాకు లాభంలేదు, కంప్యూటర్ సూపియ్యమన్న. సూపిచ్చిండ్రు. బటన్ ఒత్తితె షేరు కొనేతందుకు పావుగంట వడతాంది. బురదల వన్న బర్రె లేసినట్టు లేస్తాంది. నేను వంగి చెవి వెట్టిన. గుర్ గుర్ మంటాంది. 'మేనేజర్ సాబ్, గీ లోపం ఈడిది గాదు, బొంబాయిది' అన్న."

"మేడ్చల్లో చెవి పెడితే బొంబాయి వినిపించిందా?" అన్నాడు జానకిరామయ్య.

"వైరు ఆడిదాంక ఉన్నది గద సారూ, చప్పుడు దాంట్లకెల్లె వస్తది. మేనేజర్ గజగజ వణుక్కుంట బొంబాయికి ఫోన్ కలిపిండు. పెద్ద సేటే లైన్ మీదికొచ్చిండు. 'పరమేశ్ భాయ్, జల్దీ రా, దేశం దేశమే పరేషాన్‌ల ఉన్నది' అన్నడు."

"బస్సుకు వోయినవా, రైలుకు వోయినవా?" అంది వజ్రమ్మ.

"బస్సెక్కితె ఎప్పుడు వోవాలె అక్కా? హకీంపేటల మిలట్రీ విమానం దింపిండ్రు. మా ఇంటామె సద్ది గట్టేదాంక ఇంజను బంద్ గూడ జెయ్యలే, నిలవెట్టే ఉంచిండ్రు. మబ్బుల మీద పోతాంటె పైలెట్ ఎనుకకు మర్రి, 'అన్నా, ఎడమదిక్కు రెక్క కిర్రు కిర్రు మంటాంది, జర సూస్తవా' అన్నడు. కిటికీ తీసి, చెయ్యి వెట్టి, నూనె ఏసిన."

"కిటికీ తీసినవా!"

"జర్రంతనే తీసిన. లోపటోళ్లకు సలి వెడతదని."

జానకిరామయ్య నవ్వు కనబడకుండా పేపరు మళ్లీ ఎత్తాడు, పేపరు మాత్రం కదులుతోంది. వజ్రమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. పరమేశ్‌కు కావలసింది అదే. కానీ అప్పుడే చూపు సిద్దయ్య మీద పడింది. సిద్దయ్య నవ్వడం లేదు. ఫారం రెండు చేతుల్తో మోకాళ్ల మీద పట్టుకుని, డాక్టరు చెప్పేది విన్నట్టు వింటున్నాడు. పరమేశ్‌కు ఆపేద్దామనిపించింది. అయితే విమానం మబ్బుల మీద ఉంది, నడుమ ఎక్కడ దిగుతాడు?

"బొంబాయిల దిగినం. ఏం బిల్డింగది! లిఫ్టు ఎక్కి సద్ది విప్పితె, తిని చెయ్యి కడుక్కునేసరికి పైకి చేరింది. పైన ఏమున్నదో తెలుసా? దేశంల షేర్లన్నిటినీ తిప్పే మోటరు. మన పోలీస్‌స్టేషన్ అంత ఉంటది. మూడు నూర్ల మంది ఇంజినీర్లు టైలు గట్టుకొని సుట్టు నిలవడ్డరు. జపానోడున్నడు, జర్మనోడున్నడు, ఒకడైతె గోడకు మొకం వెట్టి ఏడుస్తనే ఉన్నడు. సేటు నా రెండు చేతులు వట్టుకొని, 'షేర్లు కిందికి జారుతున్నయి భాయ్, ఎవ్వనికీ సమజైతలేదు' అన్నడు. నేనొక్క సారి సూసిన. నవ్వొచ్చింది."

"ఎందుకు?" అన్నాడు సిద్దయ్య గొంతు తగ్గించి.

"ఉల్ట తిరుగుతాంది! రెండు వైర్లు అటుదిటు గలిపిండ్రు. మన బాయికాడ గూడ అయితది గద సిద్దన్నా, మోటరు ఉల్ట తిరిగితె నీళ్లు పైకెక్కుతయా? షేర్లు గూడ గంతె. మెయిన్ బంద్ జెయ్యమన్న. జేసిండ్రు. దేశమంత సీకటైంది. పోయిన నెల మంగళారం నాలుగు గంటలు కరెంటు లేకుండె, యాదికున్నదా?"

"ఎందుకు లేదు? నా ఫ్రిజ్జుల పాలన్నీ ఇరిగినయి గా దినం," అంది వజ్రమ్మ.

"అది నేనే అక్కా. మాఫ్ జెయ్యి. రెండంటె రెండే వైర్లు మార్చి స్విచ్చేసిన. ఇగ సూడు! ఆనాటి సంది షేర్లు పైకెక్కుడే గని దిగుడు లేదు. సేటు నా కాళ్ల మీద వడవోయిండు, నేను పక్కకు జరిగిన. 'సగం కంపెనీ నీకు రాసిస్త' అన్నడు. 'నాకెందుకు సేటూ, షామీర్‌పేటల దుకాణం ఎవలు జూస్తరు' అన్న. 'అట్లగాదు, ఒక్క ఖాతన్న తీస్కో, ఒకటో నంబరు ఖాతా' అని బతిమాలిండు. పెద్దమనిషి గద, గదొక్కటి తీస్కున్న."

సిద్దయ్య బల్ల మీద ముందుకు జరిగాడు.

"గంతే సాలు పరమేశూ. గా విమానం సంగతి నాకు మంచిగ సమజ్ గాలే. గని నీకు గా కంపెనీల ఖాతా ఉన్నది గద, గది సాలు నాకు." ఫారం చివరి పేజీ తెరిచి, పెన్ను మూత తీసి పరమేశ్ చేతిలో పెట్టాడు. "మనల్ని ఎరిగినోళ్లు ఎవలన్న ఈడ ఆళ్ల ఖాతా నంబరేసి సంతకం వెట్టాల్నంట. ఎవల్నడగాల్నా అని రాత్రంత పరేషానైన. నువ్వు రాయి."

పరమేశ్ పెన్ను వంక చూశాడు. నంబరు వేసే గళ్ల వంక చూశాడు. "నా నంబరు మస్తు పెద్దగుంటదే అన్నా. గీ గళ్లల్ల వట్టది," అన్నాడు.

జానకిరామయ్య కళ్లజోడు సవరించుకుని వంగి చూశాడు. "పది గళ్లున్నాయి పరమేశ్ గారూ. మీదేమో ఒకటో నంబరన్నారు. ఒకటి వేస్తే సరిపోద్ది కదండీ."

వజ్రమ్మ పకపకా నవ్వింది. సిద్దయ్య మాత్రం ఆమె వైపు కూడా చూడలేదు. "నవ్వకక్కా," అన్నాడు. "నాకు ఇంగిలీషు రాదు. గీ ఫారంల ఏమున్నదో నాకు తెల్వది. నగేషేమో అమ్మేటోడు, మంచిగనే చెప్తడు. నేను మీ పరమేశు మాట మీదనే సంతకం వెడుతున్న. నా బిడ్డ సదువంత దీంట్లనే ఉన్నది."

పరమేశ్ జన్మలో చాలామంది అతన్ని నమ్మలేదు. అది అతనికెప్పుడూ కష్టమనిపించలేదు. ఒక మనిషి నిజంగా నమ్మితే ఎంత భయమేస్తుందో ఆ పూటే తెలిసింది. పెన్ను మూత పెట్టేశాడు.

"నాకు ఖాతా లేదు సిద్దన్నా."

"బొంబాయిల ఇచ్చిండన్నవ్ గద?"

"బొంబాయి మొకమే నేనెర్గ. మేడ్చల్ ఆఫీసుల జనరేటర్ వైండింగ్ గాలిందంటె వోయిన. ఏసీ గదికి గాదు, ఎనుకున్న రేకుల షెడ్డుకు. పని అయినంక పైసల కోసం కౌంటర్‌కాడ నిలవడ్డ. అప్పుడు గౌడవెల్లి ముసలాయన ఒకాయన వచ్చిండు. గా మూడు సవాల్లు ఆయన అడిగినయే, నాయి గావు. అవి అడిగినంక, 'నేను మూడు సార్లు కొన్న, మీ కాయితంల ముప్పై ఆరు సార్లు కొన్నట్టు, అమ్మినట్టున్నది, ఎవల్నడిగి అమ్మిండ్రు' అంటాండు. కౌంటర్ల పిల్ల ఒక కాయితం దీసి, 'మీ తరఫున మేమే కొనొచ్చు, అమ్మొచ్చు అని మీరే సంతకం వెట్టిండ్రు గద తాతా' అన్నది. అమ్మినా కోతనే, కొన్నా కోతనే. ఆయన సంచి సంకల వెట్టుకొని పోయి బయట మెట్ల మీద కూసున్నడు. నేను నా పైసలు దీస్కొని బండెక్కేటప్పుడు గూడ ఆడనే కూసున్నడు. ఏమైందే పెద్దమనిషీ అని గూడ అడగలే నేను."

జానకిరామయ్య ఫారం తన ఒళ్లోకి తీసుకుని, ఒక్కో పేజీ తిప్పుతూ, ఇరవై మూడో పేజీ దగ్గర వేలు పెట్టాడు.

"ఉందండీ. ఖాతాదారుని ముందుగా అడగక్కర్లేకుండా ఆయన పేరున కొనడానికీ అమ్మడానికీ వీళ్లకి అధికారం ఇస్తున్నట్టు. ఇక్కడా పెన్సిల్ గుర్తు పెట్టాడు కుర్రాడు."

పన్నెండు దాటాక నగేష్ మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. సిద్దయ్య నిలబడి, ఆ పేజీ తీసి చూపించి, తాపీగా అడిగాడు. "గీ కాయితం మీద సంతకం వెట్టకుంటె ఖాతా తెరుస్తరా, తెరువరా?"

నగేష్ తడబడ్డాడు. "తెరుస్తరు అన్నా. గని గది ఉంటె మీకే సులువు. మార్కెట్ పెరిగినప్పుడు మిమ్ముల అడిగేంత టైముండది..."

"టైము లేకుంటె కొనకుండ్రి. పది వేలతోని తెరువు, నేను ఫోన్‌ల చెప్తేనే కొనాలె, చెప్తేనే అమ్మాలె. ఏడాది సూస్త. బిడ్డ ఫీజు పైసలు బ్యాంకుల డిపాజిట్ జేస్త."

నగేష్ ముఖం మాడిపోయింది. "గిదంత మీకెవలు చెప్పిండ్రన్నా?"

"మా పరమేశు."

నగేష్ అటు తిరిగి చూసి, గుర్తుపట్టి, పెద్దగా నవ్వాడు. "గీనా? గీన మాట వట్టుకొని నన్ను అనుమానిస్తున్నరా? అయ్యో సిద్దన్నా! జనరేటర్ బాగుచేసుకుంట మా వాచ్‌మన్‌కు ఏం చెప్పిండో తెలుసా, హుస్సేన్‌సాగర్‌ల నీళ్లు ఎండితె ఒక్క మోటరుతోని మళ్ల నింపిండంట! ఈన నోట్లకెల్లి ఒక్క నిజమన్న వచ్చిందా ఇప్పటిదాంక?"

పరమేశ్ తల దించుకున్నాడు.

వజ్రమ్మ చాయ్ వడబోస్తూ, తలెత్తకుండానే అంది. "మీ ఆఫీసు మెట్ల మీది ముసలాయన సంగతి మాత్రం నిజమే నగేషూ. గీ కథల పరమేశు ఏం జెయ్యలే. ఊకె నిలవడి సూసి, ఇంటికొచ్చిండు."