పొగ వస్తే మొగేది

హలో… ఔ, నేనే. చెప్పు వైశాలీ.

…గీడనే, ఆబిడ్స్‌ల. శ్రీపతి అన్న దుకాణంల నిలవడ్డ. ముంగటంత అలారం డబ్బాలే. ఏది ముట్టుకున్నా కుయ్‌మంటున్నది.

…లేదు, ఇంక కొనలే. ఏం కొనాల్నో సమజ్ అయితే గదా.

…ఔ, తలుపుది చూసిన. రెండు ముక్కలుంటయ్. ఒకటి తలుపుకు, ఒకటి చౌకట్‌కు. తలుపు తెరిస్తే మొగుతది. అమ్మ అడిగింది గదే. పక్కింట్ల దొంగలు పడ్డప్పటి సంది ఆమెకు నిద్ర పడ్తలేదు.

…మనిషి మెసిలితే మొగేది గుడ ఉన్నది. పిల్లి మెసిలితే మొగదా అన్నా అంటే, ఎంత పిల్లి అని నన్నే అడుగుతున్నడు. ఏం చెప్పాలె.

…మెల్లగ మాట్లాడుతున్నవేంది? …అమ్మ పక్కనే ఉన్నదా. జర బయటికి రా మరి.

…యాదికున్నది. నువ్వు చెప్పిందే ముందుగాల అడిగిన. పొగ వస్తే మొగేది. ఉన్నది. తెల్లగ, గుండ్రంగ, బోర్లిచ్చిన సాసర్ లెక్క.

…ఏ అర్రల పెడ్తరని అడిగిండు. వంటింట్ల పెట్టకురి, పోపు పెట్టినా ఒర్రుతది అన్నడు. వంటింట్ల కాదన్నా, ఊయల మీద అన్న. నా మొకం దిక్కు చూసిండు.

…చెప్పలే. ఏమని చెప్పాలె? మా అమ్మ నెలల పిల్లకు నీళ్లు పోసి, నిప్పుల మీద ఊదు చల్లి, ఆ పొగల పిల్ల తల ఆరబెడ్తదని చెప్పాల్నా?

…డాక్టర్ చెప్పింది నేను గుడ విన్న వైశాలీ. పక్కనే కూసున్న గదా. ఊపిరి తీస్తే పిల్లికూతలు వస్తున్నయి, పొగ తగలనియ్యకురి అన్నడు. నేనేమన్న చెవిటోన్నా?

…నేనెట్ల చెప్పాలె? నువ్వు చెప్పరాదు? …కోడలివైతే? నేను కొడుకును. నాకింక కష్టం.

…గట్ల కాదు. మన నాంపల్లి గల్లీల ఎవరింట్ల పిల్ల పుట్టినా నీళ్లు పోయనీకి అమ్మనే పిలుస్తరు. విద్యావతమ్మ చెయ్యి పడితే పిల్ల నిమ్మలంగ పంటదంటరు. అసొంటి మనిషిని, నీ మనుమరాలికి నువ్వు పొగ పెట్టకు అంటే… ఏమైపోతది ఆమె.

…ఔ, అందుకే గదా మిషను. మనం అననిది అదంటది. మొగితే ఆమెనే సమజ్ చేసుకుంటది. గంతే గదా మన ప్లాను.

…కని గీ అన్న ఇంకోటి చెప్తున్నడు. ధూపం వేసేటప్పుడు మనోళ్లు దానికి ప్లాస్టిక్ కవర్ కట్టేస్తరంట, మొగొద్దని. తర్వాత తీసుడు మర్చిపోతరంట. …అమ్మ కట్టదా? కవర్ ఎందుకు, చీపురుకట్టతోని ఊడగొడ్తది.

…మల్ల గది మొగితే గీడ నాకే చెవులు పగులుతున్నయి. ఊయల మీద మొగితే హాసిని జడుసుకోదా? …నేను గుడ ఆలోచించలే.

…సప్పుడు తక్కువది లేదంట. అడిగిన.

…ఏంది? …ఇప్పుడా? …నీళ్లు పోసుడు అయిపోయిందా. నిప్పులు రాజేస్తున్నదా.

…పొద్దటి సంది దగ్గుతున్నదా? మల్ల నాకెందుకు చెప్పలే?

…పిల్లను ఎత్తుకో. ఏదన్న చెప్పు. పాలిస్తున్న అను. నిద్ర పోయింది అను…

…ఒద్దు, ఫోన్ ఇయ్యకు. వైశాలీ, ఇయ్యకు, నేను ఇంటికొచ్చి—

…అమ్మా. …ఆఁ, నేనే. …తిన్న. …ఔ, దుకాణంలనే.

…తలుపుది తీసుకుంటున్నమ్మా. మంచిగున్నది. …దీపం పెట్టే యాళ్లకా? ఏం కాదు, బంద్ చెయ్యనీకి బటన్ ఉన్నది. నువ్వు తలుపు తెరిచే పెట్టుకో. లక్ష్మికి ఏం అడ్డం రాదు.

…ఇంకేం లేదు. …ఊయల మీదనా? …విన్నవా. …అది… పొగ వస్తే మొగుతదమ్మా. అంటే, కరెంటు వైర్లు గిట్ల కాలితే…

…ఆఁ, వినిపిస్తున్నది. హాసిని గదా దగ్గేది. …కూత లెక్క వస్తున్నదమ్మా.

…అమ్మా. పొగ వెయ్యకు.

…పిల్లకు పొగ పడ్తలేదంట. డాక్టర్ ఒద్దన్నడు.

…ఇయ్యాల కాదు. …పోయినసారి దవాఖానకు పోయినప్పుడే చెప్పిండు.

…ఔ. ఇద్దరికి తెలుసు.

…భయమైందమ్మా. నువ్వు బాధ పడ్తవని.

…అమ్మా, గా సుయ్‌మన్న సప్పుడేంది? …నీళ్లు పోసినవా, నిప్పులల్ల.

…ఔ. చెప్తే గప్పుడే మానుతుంటివి. …ఔ. చెప్పలే.

…రోజూ నా చేతులతోనే పొగ పెట్టిన అని గట్ల అనకమ్మా. నీ తప్పేం లేదు. నీకు తెల్వదు గదా. మాకు తెలుసు.

…గా పొగది కొంటలేనమ్మా. ఇంకెందుకు, చేతిలది అన్నకు వాపస్ ఇస్తున్న.

…ఏంది? …కొనాల్నా? …ఎందుకమ్మా, నువ్వే ఆర్పినవ్ గదా.

…ఇంక నీకు ఏం చెప్పాల్నన్నా గదే చెప్తది అంటే ఎట్లమ్మా. మిషను ఎందుకు, మేం లేమా ఇంట్ల.

…ఔ. ఉండి గుడ చెప్పలే.

…పిల్లను వైశాలికి ఎందుకిస్తున్నవ్? నువ్వే ఎత్తుకో. నీ దగ్గర్నే ఉండనియ్యి. …రేపు ఇంకెవరినో పిలుసుడేంది, రేపు గుడ నువ్వే నీళ్లు పొయ్యాలె. అమ్మా, ఇను, నేను బయల్దేరిన. మొజంజాహి మార్కెట్ దాటితే ఇల్లే గదా. జర ఆగు…

…అమ్మా?

…హలో.