నారాయణ రాయి గాదు, బాషా రాయి

ఈ సంగతి నాకు మొదట చెప్పింది మా అత్త నాగమ్మ. గనిలో గంపతో చెత్తరాయి మోసిన మనిషి, కండ్లారా చూసింది. కూర్చో షాహులూ, నువ్వు మేస్త్రివైనావు, ఆమె చెప్పింది నేను నీకు చెప్తా, ఇది నీకు తెలియాల. మొన్న ఆయుధపూజ నాడు మీ ఓనరు, ఆ వివేక్ గాడు, ఏమనె? "బండ కింద రాయి పెట్టేది మా తాత నారాయణ కనిపెట్నాడు, అందుకే దాన్ని నారాయణ రాయి అంటారు" అనె. గనిలో పాత కూలిమనిషినని నాకు కప్పిన శాలువా కుర్చీ మింద పారేసి వచ్చినా. గని వానిదైతే కావచ్చు, కత వానిది గాదు.

అప్పుడు ముద్దనూరు పక్క ఆ నాపరాయి గనిలో నారాయణ మేస్త్రి. ఆయప్ప కేక వేస్తే అందరూ గడ్డపారల మింద ఒక్కసారే బలం పెట్టాల, బండ లేయాల. కొత్తోడు నోరు తెరవగూడదు, అది ఆడ కట్టడి. అట్లాంటి చోటికి పులివెందల నుంచి కమాల్ బాషా వచ్చె. వాన ల్యాక చేను ఎండిపాయె, ఇంట్లో పొయ్యి ఎలగల్యా. నారాయణ చూసి, "శనిక్కాయలు పీకే చేతులు, ఈటితో బండ లేస్తాదా? పో, పో" అనె. మా అత్త గంప దించి, "పని చూడకుండానే తరిమేదేంది మేస్త్రీ? ఒక్క బండ ఎత్తనీ, ఆనక తరుము" అనె. ఆమె నోటికి అందరూ జడిసేది. సరే, దిగినాడు.

బండ జానెడు లేసిందో లేదో, బాషా వంగి దాని కిందికి రాయి తోసినాడు. ఇంకాస్త లేస్తే ఇంకోటి. చెయ్యి బండ కిందికే పోతాంది సామీ! ఒగడు నవ్వె, "ఏందప్పా, బండకు దిండు పెడతాండావా? జోల గూడా పాడు" అని. నారాయణకు మండిపాయె. "పని ఆలస్యమైతాంది, తీయ్‌రా రాళ్లు!" "తీయను మేస్త్రీ. తరిమితే పోతా గానీ, బండ బయట పడేదాకా తీయను." కొత్తోడు ఎదురు మాట్లాడె! ఆ మంటలో నారాయణ తానే లాగేద్దామని కాలు లోపలికి పెట్టి వంగినాడు. ఒక రాయి లాగినాడు గూడా. టప్‌మని బండ నడిమికి చీలె. గడ్డపారలు జారిపాయె. మా అత్త కండ్లు మూసుకున్యాది. తెరిచి చూస్తే బండ మిగిలిన రాళ్ల మింద కూర్చోనుండాది, నారాయణ కాలు ఆ సందులో ఉండాది. నలగలేదప్పా.

బాషానే బయటికి లాగినాడు. నారాయణ లేసి కాలు తడుముకున్నాడు. ఆనక తన గడ్డపార వాని చేతికిచ్చి, "రేపట్నుంచి కేక నువ్వెయ్" అనె. కోపిష్టి గానీ అబద్ధాల మనిషి గాదు. బతికినన్నాళ్లు బాషా రాయి అనే చెప్పినాడు. నేను పనికి చేరేనాటికి కేక బాషాదే. ఇద్దరూ పోయినారు, నారాయణ కొడుకు గని కొన్యాక పేరు మారిపాయె.

నిన్న నువ్వేం చేసినావు? ఒడిశా నుంచి వచ్చిన కొత్త మనిషి బండ చూపిచ్చి ఏదో చెప్పబోతే, "నోరు మూసుకోని పని చెయ్" అన్నావంట. వివేక్ చెప్తే రేపు పంపిచ్చేస్తావంట. తల దించుకుంటే సరిపోదు. నాకు రాత రాదు, నా మాట గని దాకా పోదు. రేపు కేక వేసే ముందర ఆ మనిషిని పక్కన నిలబెట్టుకో. అది కమాల్ బాషా రాయి అని అందరికీ ఇనపడేట్టు చెప్పు. వివేక్ ఉన్నప్పుడే చెప్పు.